హాజరుపట్టీ ఎవరి చేతిలో ఉంది?

ఏప్రిల్ 14 పొద్దున్నే అందరిలాగే నేనూ వాట్సాప్ స్టేటస్‌లో బాబాసాహెబ్ ఫొటో పెట్టాను. నీలం కోటు, చేతిలో రాజ్యాంగం. పెట్టేముందు ఒక చిన్న పని చేశాను. స్టేటస్ ఎవరెవరికి కనబడాలో ఎంచుకునే చోటికి వెళ్లి ఒక్క పేరు పక్కన గుర్తు పెట్టాను. ఆ ఒక్కరికి తప్ప మిగతా అందరికీ బాబాసాహెబ్ కనబడ్డాడు. ఆ ఒక్కరు మా ఇంటి ఓనరు.

అనంతపురంలో అద్దె ఇల్లు వెతుక్కున్న దళితులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నా. టులెట్ బోర్డు చూసి లోపలికి పోతే మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి. లెక్చరర్ అంటే మర్యాదగా కుర్చీ వేస్తారు. రెండో ప్రశ్న సొంతూరు. మూడోది 'ఊళ్లో మీ ఇల్లు ఎక్కడ?' కొందరు సూటిగా 'మీరేమిటోళ్లు?' అని అడిగేస్తారు. కొందరు 'నీచు తింటారా?' అని చుట్టు తిరిగొస్తారు. మూడు ఇళ్ల దగ్గర నిజం చెప్పాను. మూడు ఇళ్లూ 'మా అల్లుడు వస్తున్నాడు' అన్నాయి. నాలుగో ఇంట్లో అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు అక్కడే ఉంటున్నాం.

ఆ వారమే క్లాసులో జాషువా 'గబ్బిలం' చెప్తున్నాను. క్లాసయ్యాక ఒక విద్యార్థిని ఆగింది. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రాత్రి పన్నెండున్నరకు ఆమె వాట్సాప్‌లో ఆన్‌లైన్ అని కనబడిందట. పొద్దున అందరి ముందూ 'అర్ధరాత్రి ఎవరితో మాట్లాడుతున్నావ్?' అని నిలదీశారట. ఆ పిల్ల పరీక్షకు ఫ్రెండు పంపిన నోట్సు దింపుకుంటోంది. 'లాస్ట్ సీన్ తీసేస్తే ఇంకా అనుమానపడతారు సార్. తీయకపోతే అడుగుతారు. దాచుకుంటే తప్పా సార్?' అంది.

'తప్పేం కాదమ్మా, నేనూ దాస్తాను' అనేశాను.

'మీరేం దాస్తారు సార్?' అంది.

గంట కొట్టారు. ఆ గంట నన్ను కాపాడింది.

ఆమెకు బాకీ పడ్డ జవాబే ఈ వారం వ్యాసం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వాట్సాప్ 2009లో మొదలైనప్పుడు అది కబుర్లు పంపుకునే యాప్ కూడా కాదు. పేరు పక్కన మనం ఇప్పుడు ఖాళీగా ఉన్నామా, పనిలో ఉన్నామా అని చూపించే యాప్. అంటే దాని పుట్టుకే హాజరుపట్టీగా పుట్టింది. మనం ఆన్‌లైన్‌లో ఉన్నట్టు ఎవరికి కనబడాలో మనమే ఎంచుకునే వీలు ఇస్తామని ఆ కంపెనీ చెప్పింది 2022 ఆగస్టులో. మధ్యలో పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లూ భార్య మీద భర్త, ఉద్యోగి మీద బాసు, ఆడపిల్ల మీద అన్న ఆ చిన్న అక్షరాలతోనే కాపలా కాశారు.

అయితే ఈ కాపలా ఫోనుతో పుట్టింది కాదు. మన కరువు సీమలో దీనికి నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. దేశం మొత్తంలో చూస్తే ఇంకా పాతది.

హాజరు అన్న మాట అరబ్బీది. ఫారసీ దఫ్తరాల గుండా తెలుగులోకి వచ్చింది. బడిలో హాజరు, కోర్టులో హాజరు, పోలీస్ స్టేషన్‌లో హాజరు, కూలి పనిలో హాజరు. ఈ మాట వాడే ప్రతిచోటా గమనించండి. పలికేవాడు కింద నిలబడి ఉంటాడు, రాసుకునేవాడు పైన కూర్చుని ఉంటాడు. రాసుకునేవాడు ఆరోజు వచ్చాడో రాలేదో రాసే పట్టీ మాత్రం పలికేవాడి చేతికి రాదు.

పీష్వాల కాలంలో పూనా వీధుల్లో అంటరానివాళ్లు మెడలో కుండ కట్టుకుని, నడుముకు చీపురు కట్టుకుని నడవాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో రాశాడు. మరాఠా దేశంలో మణికట్టుకో మెడకో నల్లదారం కట్టుకోవాలి, పొరపాటున కూడా సవర్ణుడు తాకకుండా. మనం దీన్ని ఎప్పుడూ అవమానం గురించి చెప్పేటప్పుడు తలుచుకుంటాం. ఇంకో వైపు నుంచి చూడండి. ఆ నల్లదారం ఒక స్టేటస్. దాన్ని ఆపేసే వీలు కట్టుకున్నవాడికి లేదు. అతను వీధిలోకి వచ్చాడంటే ఎవరో, ఏమిటోడో వీధి మొత్తానికి తెలియాలి. వీధిలోవాళ్ల గురించి అతనికి తెలియాల్సిన అవసరం లేదు.

మన ఊళ్లలో దారం కూడా అక్కర్లేకపోయింది. ఊరి కట్టుబడే ఆ పని చేసింది. ఊరు ఒక పక్క, మాలవాడ, మాదిగవాడ ఇంకో పక్క. 'ఊళ్లో మీ ఇల్లు ఎక్కడ?' అని అనంతపురం ఓనరు అడిగితే అతను అడిగేది దారి కాదు. ఆ నల్లదారం ఉందా లేదా అని తడిమి చూస్తున్నాడు.

ఇక సర్కారు హాజరు సంగతికి వద్దాం.

1876-78 కరువు. మన పెద్దలు ధాత కరువు అనేవాళ్లు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. బళ్లారి జిల్లాలో భాగంగా ఉండేది, 1882లో విడిపోయింది. మద్రాసు రాజధానిలో ఆ కరువు మొదటి దెబ్బ తిన్న జిల్లాల్లో బళ్లారి, కడప, కర్నూలు ఉన్నాయి. జనానికి చెరువుకట్టలు, రోడ్ల పనులు చూపించి కూలి ఇచ్చారు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, సర్కారు సొమ్ము దుబారా అవుతోందని, మగమనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కోశాడు. ఒక పౌనంటే అర కిలోకు కూడా తక్కువ. ఈ తిండితో మనుషులు పని చేయలేరని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా అడ్డం తిరిగాడు. ఒళ్లు గట్టిగా ఉన్నవాళ్లను ఇంటి దగ్గర పనికి కాకుండా దూరపు పనులకు పంపాలన్నది ఇంకో షరతు. నిజంగా ఆకలున్నవాడే అంత దూరం నడుస్తాడని దాని వెనక తర్కం.

ఇక్కడ ఒక భావన పుట్టింది. పేదవాడు సాయం అడిగితే ముందు అతన్ని అనుమానించాలి. అతను దొంగ కాదని తన ఒంటితోనే రుజువు చేసుకోవాలి. కనబడి, నడిచి, నిలబడి చూపించాలి. ఈ భావన కరువుతో పోలేదు. గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అదే దశాబ్దంలో, 1871లో, రెండు సంగతులు జరిగాయి. మద్రాసు నుంచి వచ్చే రైలుమార్గం, బొంబాయి నుంచి వచ్చే రైలుమార్గం రాయచూరు దగ్గర కలిశాయి. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు ఆ దారిలోవే. అంతవరకు తీరం నుంచి ఉప్పును, ఇక్కడి నుంచి ధాన్యాన్ని గాడిదల మీద, ఎద్దుల మీద మోసి అమ్ముకున్న వాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. మన సీమలో కొరచలని కూడా అంటారు. రైలు వాళ్ల బేరాన్ని మింగింది. ఉప్పు మీద సర్కారు పెత్తనం ఇంకొంత మింగింది. అడవి చట్టాలు వెదురునూ పశువుల మేతనూ మింగాయి. మద్రాసు రాజధాని ఎరుకల చరిత్ర మీద మీనా రాధాకృష్ణ 2001లో తెచ్చిన పుస్తకంలో ఇదంతా వివరంగా ఉంది. చరిత్ర విద్యార్థులు వెతుక్కుని చదవండి.

రెండో సంగతి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో కొత్త చట్టంగా మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక కులాన్నో తెగనో మొత్తంగా 'నేరస్థ జాతి' అని గెజిట్‌లో వేస్తే చాలు. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టులోనూ అడగడానికి లేదు. ఆ తెగ మనుషుల పేర్లు రిజిస్టర్‌కు ఎక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ తర్వాతి షరతులు చదివితే ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో మీకే తెలుస్తుంది. రిజిస్టర్‌లో ఉన్న మనిషి చెప్పిన వేళకు వచ్చి కనబడాలి. ఎక్కడ ఉంటున్నాడో చెప్పాలి. ఇల్లు మారాలనుకుంటే ముందే చెప్పాలి. ఇంట్లో లేకపోతే లేనని, లేకుండా పోవాలనుకుంటే పోవాలనుకుంటున్నానని కూడా చెప్పాలి.

అంటే దొంగతనం చేస్తే నేరం అనడం లేదు. కనబడకపోవడమే నేరం. ఆన్‌లైన్‌లో లేకపోవడమే నేరం.

స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతిలో, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతిలో సెటిల్‌మెంట్లు నడిచాయి. పేర్లు పిలిచి హాజరు, బయటికి పోవాలంటే చీటీ. 'సంస్కరణ' అని పేరు పెట్టారు. మన పక్క తమిళనాడులో మదురై వైపు పిరమలై కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వం, రిజిస్టర్‌కు ఎక్కం అన్నందుకు 1920 ఏప్రిల్ 3న పెరుంగామనల్లూరులో పోలీసులు కాల్చి చంపారు. పదిహేను మందికి పైగా పోయారు. మన పాఠ్యపుస్తకాల్లో జలియన్‌వాలాబాగ్ ఉంటుంది, ఉండాలి కూడా. దాదాపు ఏడాది తర్వాత మన పక్కనే జరిగిన ఇది మాత్రం ఉండదు. గోప్యత హక్కు కోసం ఈ దేశంలో మొదట ప్రాణాలిచ్చింది ఎవరని ఎవరైనా అడిగితే నేను ఆ ఊరి పేరు చెప్తాను. వాళ్లు గోప్యత అన్న మాట వాడి ఉండరు. 'మా వేలు మాది' అని మాత్రం వాళ్లకు తెలుసు.

ఇది ఎరుకల, కళ్లర్ల కథ కదా, మాల మాదిగల కథ ఎట్లా అవుతుందని అడిగే మిత్రులుంటారు. కులం చెప్పి మనిషిని అంచనా కట్టడం ఒక్కటే కథ. వాడకు కట్టేసినా, రిజిస్టర్‌కు కట్టేసినా తాడు ఒకటే.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. మన చిత్తూరు జిల్లా మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ నాయకత్వంలో 1949లో వేసిన కమిటీ దేశమంతటా రద్దు చేయమని చెప్పింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా పోయింది. కానీ దాని జాగాలోకి 'అలవాటుపడ్డ నేరస్థుల' చట్టాలు వచ్చాయి. కులం పేరు పోయింది, హాజరు మిగిలింది. స్టేషన్లలో హిస్టరీ షీట్లు, రౌడీ షీట్లు మిగిలాయి. ఉద్యమాల్లో తిరిగే మన కుర్రవాళ్లకు ఆ షీటు సంగతి నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ హాజరు మీద స్వతంత్ర భారతంలో పెద్ద ప్రశ్న వేసినవాడు ఒక మామూలు మనిషి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్. 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా షీటు తెరిచారు. రాత్రిళ్లు కానిస్టేబుళ్లు, చౌకీదార్లు వచ్చి తలుపు తట్టేవాళ్లు, కేకేసి లేపేవాళ్లు. ఇంటి మీద నిఘా, ఎక్కడికి పోయాడు, ఎప్పుడు ఇంట్లో లేడు అని రాసుకోవడం, అన్నీ పోలీసు నిబంధనల్లోనే ఉన్నాయి. అతను సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబర్ 18న ఆరుగురు జడ్జీల బెంచి తీర్పు ఇచ్చింది. రాత్రిపూట ఇంటికి వచ్చి లేపడం చెల్లదంది. మిగతా నిఘా ఉండొచ్చంది. గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ తేల్చింది.

ఒప్పుకోనివాళ్లు ఇద్దరు. వాళ్లలో తీర్పు రాసింది మన తెలుగువాడు, రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. ఆంధ్ర రాష్ట్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసి సుప్రీంకోర్టుకు వెళ్లినవాడు. ఆయన మాటల సారం ఇది. రాజ్యాంగంలో ఆ మాట లేకపోయినా గోప్యత మనిషి స్వేచ్ఛలో భాగమే. ఒంటి మీద చెయ్యి వేస్తేనే స్వేచ్ఛ పోయినట్టు కాదు. తనను చూస్తున్నారన్న ఎరుకతో నడిచేవాడి నడకలో స్వేచ్ఛ ఉండదు. కాబట్టి ఆ నిఘా నిబంధన మొత్తం చెల్లదు.

మా హాస్టల్ పిల్ల లాస్ట్ సీన్ గురించి పడ్డ సంకటం ఇదే కదా! ఆమెను ఎవరూ తాకలేదు. చూస్తున్నారని ఆమెకు తెలుసు, అంతే. ఆ ఎరుకతో నోట్సు దింపుకోవడం కూడా దొంగపని అయిపోయింది.

సుబ్బారావు రాసినదానికి యాభై ఐదేళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క గొంతుతో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. ఖరక్ సింగ్ తీర్పులో గోప్యత హక్కు కాదన్న భాగాన్ని కొట్టేశారు. మైనారిటీలో మిగిలిన మాటే చట్టమైంది. ఆధార్ మీద కేసు వేసిన జస్టిస్ పుట్టస్వామి పేరు అందరికీ తెలుసు. ఆ దారి మొదట వేసింది షీటు ఎక్కిన ఖరక్ సింగ్ అని కూడా తెలియాలి.

ఇప్పుడు మళ్లీ మన గడ్డ మీదికి రండి. 2006 ఫిబ్రవరి 2. నార్పల మండలం బండ్లపల్లి. దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది ఆ ఊళ్లోనే, ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియాగాంధీ వచ్చి మొదలుపెట్టారు. మన దగ్గర దాన్ని ఉపాధి హామీ అని ఎవరూ అనరు, కరువు పని అంటారు. జనం నోట్లో 1877 ఇంకా ఉంది. కానీ చట్టంలో తేడా ఉంది. టెంపుల్ ఇచ్చింది దయ, ఇది హక్కు. అడిగితే పని ఇవ్వాలి, లేకపోతే భృతి ఇవ్వాలి. అంతకన్నా పెద్ద మాట ఆ చట్టంలో పదిహేడో సెక్షన్‌లో ఉంది. పనుల లెక్కలను గ్రామసభ సోషల్ ఆడిట్ చేయాలి. మస్టర్ రోల్ ఊరి ముందు పెట్టి, పేరు పేరునా చదివి, 'ఈమె ఆరోజు పనికొచ్చిందా? ఈ డబ్బు ఆమెకు ముట్టిందా?' అని అడగాలి. దాన్ని రాష్ట్రమంతటా పద్ధతి ప్రకారం నడిపిన మొదటి రాష్ట్రం మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్.

చూశారా? నూటముప్పై ఏళ్లలో మొదటిసారి హాజరుపట్టీ తిరగబడింది. కూలి కూర్చుంది, ఆఫీసరు నిలబడ్డాడు. చచ్చిపోయినవాళ్ల పేరున కూలి రాసుకున్నవాళ్లు ఊరి ముందు తల దించుకున్నారు.

ఆ తిరగబడ్డ పట్టీని మళ్లీ తిప్పేశారు. 2021లో కేంద్రం ఒక యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేసింది. పని దగ్గర కూలీలను నిలబెట్టి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి, ఏ వేళకు, ఏ చోట తీశారో గుర్తుతో సహా పంపాలి. దొంగ మస్టర్లను అరికట్టడానికి అన్నారు. దొంగ మస్టర్ రాసింది ఎవరు? కూలీలా? మరి ఫొటోలో నిలబడాల్సింది ఎవరు?

మా చిన్నమ్మ చెప్పింది వినండి. 'పొద్దున ఐదుకే పోయి కొలత ప్రకారం గుంత తవ్వేస్తాం నాయనా. ఎండెక్కకముందే పనైపోతాది. రెండో పోటో కోసరం చెట్టు కూడా లేని తావులో కూసోవల్ల. సిగ్నల్ లేక పోటో ఎక్కలేదంటే మస్టర్ పడదంట. గుంత మాత్రం ఆడనే ఉంటాది.' ఆ చివరి మాట నేను మర్చిపోలేకపోతున్నాను. చేసిన పని కళ్ల ముందే ఉంది, గుంత ఉంది, మట్టి ఉంది. దానికి సాక్ష్యం విలువ లేదు. ఆమె ఒళ్లు తెరమీద కనబడితేనే కూలి. టెంపుల్ దొర అనుమానం ఫోనులోకి ఎక్కింది, అంతే.

ఇంకోవైపు చూడండి. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పుట్టస్వామి తీర్పు ఫలం అన్నారు. అందులో ప్రభుత్వం తన సంస్థలకు తానే మినహాయింపు ఇచ్చుకునే వీలు పెట్టుకుంది. పైగా అదే చట్టంతో సమాచార హక్కు చట్టాన్నీ సవరించారు. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఎనిమిదో సెక్షన్‌లో ఆ నిబంధనలోనే ఉండేది. ఆ ముక్క తీసేశారు. 'చట్టంలో ఇంకోచోట ఉందిలే' అంటున్నారు. ఇంకోచోట ఉన్నదాన్ని బట్టి సమాచారం రాబట్టడానికి ఎన్ని అప్పీళ్లు తిరగాలో అర్జీలు పెట్టే మన కార్యకర్తలకు తెలుసు. ఖరక్ సింగ్ తెచ్చిన హక్కు అది. పెరుంగామనల్లూరు రక్తం అది. దాన్ని ఇప్పుడు ఆఫీసరు తన ఫైలు మీద కప్పుకుంటున్నాడు. చిన్నమ్మకు రెండు ఫొటోలు, ఆఫీసరుకు గోప్యత.

'దాచడానికి ఏమీ లేనివాడికి భయమెందుకు?' అని ఒక మాట అందరూ అంటుంటారు. ఆ మాట అనేవాణ్ని 'ఊళ్లో మీ ఇల్లు ఎక్కడ?' అని ఎవరూ అడిగి ఉండరు.

మరి కులగణన అడుగుతున్నాం కదా, కనబడాలనే కదా అడుగుతున్నామని కొందరు మిత్రులు అంటారు. అడుగుతున్నాం. 2024లో ఆంధ్రలో, తెలంగాణలో జరిగిన కుల సర్వేలనూ స్వాగతించాం. మేమెంతమందో లెక్క తేలడం వేరు, నేను నిన్న రాత్రి ఎక్కడున్నానో నీకు తెలియడం వేరు. మొదటిది వాటా అడగడానికి. రెండోది నన్ను అదుపులో పెట్టడానికి. ఒక పట్టీని చూడగానే అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఇది ఎవరు రాస్తున్నారు? ఎవరు చదువుతారు? ఇందులో పేరు లేకపోతే నష్టం ఎవరికి?

ఇక కష్టమైన ప్రశ్న. మన ఉద్యమంలోనే ఉన్న ప్రశ్న. కులం దాచుకోవడం పిరికితనం కాదా? పేరు చివర మాదిగ అని, మాల అని పెట్టుకుని నిలబడిన తరం తర్వాత వచ్చి, బాబాసాహెబ్ ఫొటోను ఓనరుకు కనబడకుండా పెడతావా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పడుకోనివ్వలేదు. అప్పుడు బరోడా గుర్తొచ్చింది. అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరిన అంబేద్కర్‌కు ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరుతో రిజిస్టర్‌లో రాయించుకుని ఉన్నాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్శీలు వచ్చారు. సాయంత్రానికి గది ఖాళీ చేయించారు. అప్పుడు ఏడ్చానని ఆయనే రాసుకున్నాడు. ఆయన్ని పిరికివాడు అనగలమా? తర్వాత మహద్ చెరువు దగ్గర వేలమంది ముందు నిలబడి నీళ్లు తాగినవాడు ఆయనే. సత్రంలో దాచినవాడూ, చెరువు దగ్గర చూపించినవాడూ ఒకడే మనిషి. తేడా ఒక్కటే. మహద్‌లో ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరితో కలిసి కనబడాలో ఆయన ఎంచుకున్నాడు. బరోడాలో వాళ్లు బయటపెట్టారు.

జాషువాకూ ఇది తెలుసు. 1941 నాటి 'గబ్బిలం'లో ఆ అరుంధతీ సుతుడు కాశీ విశ్వనాథుడికి పంపిన కబురు పూజారి లేని సమయం చూసి చెప్పమంటాడు. ఇన్నేళ్లుగా క్లాసులో దాన్ని గుడి ప్రవేశం లేని బాధగానే చెప్పాను. ఈసారి ఆ పిల్ల అడిగిన ప్రశ్న వల్ల ఇంకోటి కనబడింది. వినాల్సినవాడే వినాలి, మధ్యలోవాడు వినకూడదన్నది ఆ మనిషి హక్కు. ఆ హక్కు అతను ఎవరినీ అడగలేదు. రాత్రిపూట ఎగిరే జీవిని వెతుక్కుని తీసుకున్నాడు.

కాబట్టి అమ్మా, నీ ప్రశ్నకు జవాబు. నీ లాస్ట్ సీన్ నీది. దాచుకో. దాచుకోవడం తప్పు కాదు. దాచుకున్నందుకు అనుమానించడం తప్పు. పరీక్షల వేళ రాత్రి ఒంటిగంటకు మేలుకుని చదివే పిల్లను అందరి ముందూ నిలబెట్టినవాళ్లు, నెలనెలా మీ మెస్ లెక్కలను మీ ముందు చదువుతున్నారా? చదవకపోతే అది అడగండి. ఒక్కతే కాదు, పదిమంది కలిసి రాసి, సంతకాలు పెట్టి అడగండి. నేనూ వస్తాను.

నేనేం దాస్తానని అడిగావు కదా. చెప్పేశాను. ఈ వ్యాసాన్ని అందరికీ కనబడేలా పెడుతున్నాను. మా ఓనరు ఫేస్‌బుక్‌లో ఉన్నాడో లేదో తెలియదు. ఉంటే ఈ పాటికి చదివి ఉంటాడు. రాత్రి ఇంట్లో కూడా మాట్లాడుకున్నాం. 'ఇంకో ఇల్లు చూసుకోవాల్సి వస్తే చూసుకుందాం, కానీ ఈసారి చెప్పేది మనమే' అంది నా భార్య.

హాస్టళ్లలో, కాలేజీల్లో, కరువు పనుల దగ్గర మీరు చూసిన హాజరు కథలు ఉంటే కామెంట్లలో రాయండి. పేర్లు వద్దు, మీవి గానీ వాళ్లవి గానీ. పేరు చెప్పాలో వద్దో ఎంచుకునే హక్కు గురించే కదా ఇంతసేపూ మాట్లాడుకున్నాం.

జై భీమ్.